వదిన వరండాలో నిమ్మచెట్టు

జనవరి 30
పైది 171, కిందిది 94.

తాళం వేశాను. వేసినట్టు చేతికి గుర్తుంది. తాళంచెవి తిప్పితే వచ్చే కిర్రుమనే చప్పుడు కూడా గుర్తుంది. అయినా పొద్దున వెళ్ళేసరికి వదిన ఇంటి వెనక వరండా తలుపు బార్లా తెరిచి ఉంది. గడప లోపల జానెడు మంచు. హీటరు మాత్రం పాపం ఎర్రగా మండుతూనే ఉంది, ఊరంతటికీ చలి పోగొడదామని కాబోలు. బయట మైనస్ ముప్పై ఒకటి.

గాలి పని. ఆ తలుపు పాతది, గాలికి నిలవదు.

నిమ్మచెట్టు ఆకులు ఉడకబెట్టిన కూరలా వేలాడుతున్నాయి. నాలుగు కాయలూ రాళ్ళలా ఉన్నాయి. తలుపు మూసి, నా కోటు విప్పి చెట్టుకి కప్పి, పక్కన కుర్చీ వేసుకుని జపమాల తిప్పుతూ కూర్చున్నాను. మనిషికైతే డాక్టర్ని పిలుస్తాం. చెట్టుకి ఎవర్ని పిలవాలి?

ఈ పుస్తకంలో బీపీ ఒక్కటే రాయమంది నర్సు. పక్కన చాలా ఖాళీ ఉంది. నేను చదివింది మూడో తరగతి, తప్పులుంటే ఉంటాయి, ఎవరు చూడొచ్చారు.

జనవరి 31
పైది 168, కిందిది 92.

ఏడింటికి ఫోను. మా ఆయన సవేరియో పోయి తొమ్మిదేళ్ళు అయినా ఆయన అక్క ఫిలొమెనా గొంతు మాత్రం రోజూ పొద్దున ఏడింటికి నా వంటింట్లో మోగుతుంది. ఈ నెల మంచుమీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాక కూడా మానలేదు. ఇప్పుడు నడక నేర్పే ఆస్పత్రి నుంచి చేస్తోంది.

“ఎలా ఉంది?” అంది. అడిగేది చెట్టు సంగతి.

“బాగుంది వదినా.”

“మొగ్గలు?”

“ఏడు.”

ఏడని ఎందుకన్నానో నాకే తెలియదు.

“నేను పడేనాటికి మూడే ఉన్నాయే. నీళ్ళు గుమ్మరిస్తున్నావా ఏంటి? నీ చేతిలో పడితే నాగజెముడైనా మునిగి చస్తుంది.”

“పొయ్యట్లేదు వదినా.”

“మీ కొండ ఊరివాళ్ళకి అడవిలో చెస్ట్‌నట్లు ఏరుకోవడం తప్ప నిమ్మ సంగతి ఏం తెలుసు. రోజుకొక్కసారి వెళ్ళి చూసి రా. చెయ్యి పెట్టకు. తాళం మర్చిపోకు.”

రోజుకి మూడుసార్లు వెళ్తున్నానని చెప్పలేదు. తాళం గురించి ఏమీ చెప్పలేదు.

ఫిబ్రవరి 2

కొవ్వొత్తుల పండుగ. జారతానన్న భయంతో చర్చిలో పూజకి వెళ్ళలేదు. వరండాకి మాత్రం వెళ్ళాను, అక్కడికి వెళ్తే జారనా?

ఆకులు రాలుతున్నాయి, కాయలు నాలుగూ రాలాయి. ఏరి సంచిలో వేసి ఇంటికి తెచ్చుకున్నాను. అక్కడి చెత్తబుట్టలో వేస్తే డొనాతా చూస్తుంది. డొనాతా వదిన కూతురు, ఇస్త్రీ బట్టలకనీ మందుల కాగితాలకనీ ఎప్పుడు ఊడిపడుతుందో చెప్పలేం.

ఈ చెట్టు వదిన వాళ్ళ నాన్నది. ఈ దేశానికి వచ్చేటప్పుడు ఆయన చెట్టు కొమ్మని వదిన బంగాళాదుంపలో గుచ్చుకుని, గుడ్డలో చుట్టి, ఓడలో పదకొండు రోజులు ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. మళ్ళీ రైల్లో రెండు రోజులు. దిగాక వాళ్ళాయన దాన్ని అంటు కట్టాడు. ఏటా పునీత జోజప్పగారి పండుగకి గుళ్ళో రొట్టెలు, పళ్ళు పెట్టే బల్లమీద కొట్లో కొననివి ఈ చెట్టు నిమ్మకాయలే. వదిన వాటిని తెల్లగుడ్డలో తెచ్చి పెడుతుంటే ఆడవాళ్ళంతా దారి ఇస్తారు.

పండుగ మార్చి 19. వదిన ఇంటికి వచ్చేది మార్చి 20 అంటున్నారు, ముందే వస్తానని ఆవిడ అంటోంది.

ఫిబ్రవరి 3
పైది 175.

కిందిది రాయడం మర్చిపోయాను.

టమాటాలు రుబ్బే మర ఒకటి అరువిస్తే విరిగి వచ్చిందని వదిన మా గుళ్ళోకి వచ్చే బెత్తినాతో పదకొండేళ్ళుగా మాట్లాడట్లేదు. బెత్తినా మొగుడు పోతే పాడె దగ్గరికి వచ్చి, శవానికి దణ్ణం పెట్టి, పక్కనే ఉన్న బెత్తినాని చూడకుండా వెళ్ళిపోయింది. అది మర. ఇది చెట్టు.

మాకు పిల్లల్లేరు. మా భాషలో నాతో మాట్లాడే మనిషి ఇంకొకరు లేరు. ఏడింటికి ఆ ఫోను మోగకపోతే, నేను ఉన్నానో పోయానో ముందుగా తెలిసేది కరెంటు బిల్లువాళ్ళకే.

అచ్చం అలాంటి చెట్టే ఇంకోటి కొంటాను. అదే కుండీలో పెడతాను. వదిన కళ్ళు కూడా మునుపటిలా లేవు.

ఫిబ్రవరి 5
పైది 166, కిందిది 90.

బస్సెక్కి పెద్ద కొట్టుకి వెళ్ళాను. వేసవిలో మొక్కలు అమ్మే చోట ఇప్పుడు మంచు ఎత్తే పారలు నిలబెట్టారు. నిమ్మచెట్టు కావాలంటే అక్కడి మనిషి నా మొహం చూసి, వెంట ఎవరైనా వచ్చారా అమ్మా అని అడిగాడు. మతి పోయిందనుకున్నాడు. మేలో రమ్మన్నాడు.

పూలకొట్టులో ఒకటి కనబడింది. పచ్చటి ఆకులు, పసుపు కాయలు. ముట్టుకుంటే ప్లాస్టిక్కు.

“దీనికి నీళ్ళు పోసే పని లేదండీ,” అంది కొట్టు ఆమె.

ఒక్క నిమిషం నిలబడి ఆలోచించాను కూడా. దేవుడు క్షమించాలి.

ఫిబ్రవరి 7

లైబ్రరీలో ఉండే ఆవిడ కంప్యూటరులో వెతికిపెట్టింది. అమ్మేవాళ్ళు ఉన్నారు, అందరూ దక్షిణాన. ఈ చలిలో పార్సిలు పంపరట, దారిలోనే చస్తుందట. ఏప్రిల్ దాటాక అంటున్నారు. ఒకచోట బొమ్మ చూపించింది, చెట్టు బాగుంది, ఎక్కడా అంటే నది అవతల. మా మేడ కిటికీలోంచి అమెరికా వైపు దీపాలు కనబడతాయి. వంతెన దాటితే పావుగంట. కానీ నిమ్మజాతి మొక్క వంతెన దాటాలంటే కాగితాలు, తనిఖీలు, నెలలు పడుతుందట.

“ఎవరికోసం అమ్మా ఇంత తొందర?” అంది.

“నాకోసమే,” అన్నాను.

ఇంటికొచ్చి మేడమీద డబ్బాకి నీళ్ళు పోశాను.

ఫిబ్రవరి 9
ఆదివారం.

పూజ అయ్యాక కింద హాల్లో కాఫీ. నాకు నిమ్మచెట్టు పెంచాలని ఉంది, ఎక్కడ అమ్ముతారో అని మాటవరసకి అన్నట్టు అన్నాను.

“డెబ్బై తొమ్మిదేళ్ళకి నిమ్మచెట్టా? కాయ కాసేసరికి నువ్వు కిందుంటావు, అది పైనుంటుంది,” అంది బెత్తినా.

“అంత మోజుంటే ఫిలొమెనాని ఓ కొమ్మ అడగరాదూ?” అందింకొకామె.

అందరూ నవ్వారు. “ఆవిడా? చావుమంచం మీదున్న తమ్ముడు అడిగితేనే ఇవ్వలేదు. నున్సియాతకి ఇస్తుందా?”

నేను కూడా నవ్వాను. కాఫీ ఒలికింది.

వచ్చేటప్పుడు బెత్తినా చెయ్యి పట్టుకుని చెప్పింది, తూర్పు రోడ్డులో ఇరవై కిలోమీటర్ల దూరంలో ఫిన్లాండు ముసలాయన ఒకడు అద్దాల ఇంట్లో కట్టెల పొయ్యి పెట్టి నిమ్మ, నారింజ పెంచుతాడట. పేరు వైనో. “మాట్లాడతాడని మాత్రం ఆశించకు,” అంది.

ఫిబ్రవరి 10

“ఎన్ని మొగ్గలు?”

“అయిదు.”

“ఏడన్నావుగా.”

“రెండు విచ్చుకున్నాయి వదినా.”

“వాసన వస్తోందా?”

“వరండా అంతా వస్తోంది.”

ఇక్కడ ఫినాయిలు వాసన తప్ప ఏమీ లేదే, అంది వదిన. ఆ మాట మెల్లిగా అంది. తిట్టినా బాగుండేది.

ఫిబ్రవరి 13
పైది 160, కిందిది 88.

టాక్సీలో వైనో దగ్గరికి వెళ్ళాను. పొడుగు మనిషి, కనుబొమ్మలు కూడా తెల్లగా ఉన్నాయి. ఆయనకీ నాకూ మధ్య ఉన్నది ముక్కలు ముక్కల ఇంగ్లీషు. అద్దాల ఇంట్లోకి అడుగు పెట్టగానే కళ్ళద్దాలకి ఆవిరి పట్టింది, ఏమీ కనబడలేదు. వాసన మాత్రం వచ్చింది. యాభై ఏడేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను, ఇలాంటి చోటు ఉందని తెలియదు.

ఆరు నిమ్మచెట్లున్నాయి. అన్నీ చూశాను. ఆకు గుండ్రంగా ఉంది, ముళ్ళు లేవు. కాయ నున్నగా బంతిలా ఉంది. వదిన చెట్టుకి ముళ్ళు గుండుసూదుల్లా ఉంటాయి, కాయ కొస మొనదేలి ఉంటుంది.

“వేరే రకం ఉందా?”

“ఏ రకం?”

“పొడుగు కాయ. ముళ్ళు.”

“ఆకు తెండి.”

“ఇది అమ్ముతారా, పోనీ?” చేతికందిన చెట్టు చూపించాను.

ఆయన బయట ఆగిన టాక్సీ వైపు చూశాడు. “ఆ బండిలోనా? అమ్మను.”

చెట్టు కొనేవాళ్ళు బండిని గంటసేపు వేడి చేసి, డ్రైవరు కోటు విప్పి ఉత్త చొక్కాతో కూర్చునేంత వెచ్చగా తలుపు దగ్గరికి తేవాలట. చెట్టుకి కాగితం తొడుగు, దుప్పటి, కింద వేడినీళ్ళ సీసాలు. తలుపు నుంచి బండికి ఆరు అడుగులు. “ఆ ఆరు అడుగుల్లోనే చస్తాయి,” అన్నాడు.

వరండాలో గాలి ఎన్ని గంటలు వచ్చి ఉంటుంది? నాలుగున్నర నుంచి పొద్దున ఎనిమిది దాకా.

తాళం వేశాను.

ఫిబ్రవరి 15

ఇది రాయకూడదు. రాస్తాను.

కొట్లో నాలుగు నిమ్మకాయలు కొని, తెల్లదారంతో వదిన చెట్టు కొమ్మలకి కట్టాను. దూరం నుంచి చూస్తే ఎలా ఉంటుందోనని వరండా చివరికి వెళ్ళాను. ఆకు ఒక్కటి లేని చెట్టుకి నాలుగు పసుపు కాయలు వేలాడుతున్నాయి. ఒకదానికి కొట్టువాళ్ళ చీటీ ఇంకా అంటుకునే ఉంది. అద్దంలో నా మొహం కనబడింది.

అన్నీ విప్పేశాను. రెండు పిండుకుని తేనెతో తాగాను. మిగతా రెండు ఇంట్లో ఉన్నాయి.

ఫిబ్రవరి 18
పైది 178, కిందిది 96.

వైనోకి ఆకు చూపించడానికి మళ్ళీ వెళ్ళాను. మొదట సంచిలోని రాలిన ఆకు ఇచ్చాను. నలిపి చూశాడు, పొడి అయింది. “దీనికి వాసన లేదు. చచ్చిన ఆకు ఏమీ చెప్పదు,” అన్నాడు.

అప్పుడు జేబులోంచి ఇంకోటి తీసిచ్చాను. పచ్చిది. పొద్దునే తుంపింది. తడిగుడ్డలో చుట్టి, నా చేతిలో వెచ్చగా పెట్టుకుని తెచ్చింది.

నలిపాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నన్ను చూశాడు.

“రెండూ ఒకే చెట్టువా?”

“ఒకే రకం.”

“ఇది ఈ రోజు కోసింది. చెట్టు మీ ఇంట్లో ఉంది. మీరు వెతికే చెట్టు మీ దగ్గరే ఉంటే, నా దగ్గరికి కొనడానికి ఎందుకొచ్చారు?”

నేను అక్కడున్న బల్లమీద కూర్చుండిపోయాను. ఆయన నీళ్ళిచ్చాడు. ఇంకేమీ అడగలేదు.

ఇంటికొచ్చాక రాస్తున్నాను. మేడమీద, నా పడగ్గదిలో, టమాటా డబ్బాలో ఉన్నది నిమ్మచెట్టు. మూరెడు ఉంటుంది. ఒక్కసారి కూడా కాయలేదు. వదిన మా మేడ ఎప్పుడూ ఎక్కదు కాబట్టి చూడలేదు. అయినా ఆవిడ వచ్చిన రోజు ఆ గది తలుపు వేసే ఉంచుతాను.

తొమ్మిదేళ్ళ కిందట, ఇదే నెల. సవేరియో మంచం దిగడం మానేశాడు. నాన్న చెట్టు కొమ్మ ఒకటి కావాలన్నాడు అక్కతో. మంచం పక్కన నిలబడి, “ఇవ్వను” అంది ఆవిడ. అంతే, ఇవ్వను. నాకు ఒళ్ళు మండిపోయింది. సవేరియో మాత్రం నవ్వాడు. జ్వరం అనుకున్నాను. ఆవిడ వెళ్ళాక, “అక్క ఇవ్వనందిగా, ఇక వెళ్ళు,” అన్నాడు. ఎక్కడికి అంటే కళ్ళు మూసుకున్నాడు.

మూడు రోజులు ఆగాను. గురువారం వదిన పూజకి వెళ్ళినప్పుడు కుట్టుపని కత్తెర జేబులో వేసుకుని వెళ్ళాను. ఎప్పుడూ తాళం వేసుకునే మనిషి, ఆ రోజు తాళం లేదు. తలుపుకి ఇటుక ఒకటి ఆనించి ఉంది. నా అదృష్టం అనుకున్నాను. ఇటుక కాలితో జరిపి, కొమ్మ కోసి, మళ్ళీ అలాగే జరిపి వచ్చాను. సవేరియో చెప్పినట్టు బంగాళాదుంపలో గుచ్చాను.

గుళ్ళో పాపసంకీర్తనంలో కూడా ఈ తప్పు చెప్పుకోలేదు. ఫాదర్‌కి వదిన ప్రతి శనివారం రొట్టె ఇస్తుంది.

ఫిబ్రవరి 19

వైనో తన వ్యాను గంటసేపు వేడి చేసుకుని వచ్చాడు. వరండాలో చెట్టు ముందు మోకాళ్ళమీద కూర్చుని గోటితో బెరడు గీశాడు. గోధుమరంగు. ఇంకాస్త కింద. గోధుమరంగు. ఇంకా కింద. మొదలు దగ్గర బుడిపె ఉంది, పాత అంటు. దానికింద గీశాడు.

పచ్చగా ఉంది.

“కింది చెట్టు బతికుంది. పైది పోయింది. కిందిది చేదు నారింజ. వదిలేస్తే చిగురిస్తుంది, చేదు కాయలు కాస్తుంది,” అన్నాడు.

“నిమ్మ రాదా?”

“అదే నిమ్మ పుల్ల ఉంటే అంటు కడతాను. ఉందిగా.”

“ఎన్ని పుల్లలు?”

“మూడు కడితే ఒకటి పడుతుంది, పడితే.”

నా చెట్టుకి ఉన్నవే మూడు కొమ్మలు.

కుండీని దుప్పట్లలో చుట్టి వ్యాన్లోకి ఎక్కించాడు. తలుపు దగ్గర ఆగి అడిగాడు, “అంత చలి లోపలికి ఎలా వచ్చింది?”

“గాలి,” అన్నాను.

తలుపు చూశాడు. తాళం చూశాడు. తల ఊపి వెళ్ళిపోయాడు.

తాళం వెయ్యలేదు. ఆ రోజు రెండుసార్లు వెళ్ళొచ్చాను. నాలుగున్నరకి తాళం వేశానో లేదోనని మూడోసారి వెళ్ళాను. వేసే ఉంది. హీటరు మండుతోందో లేదోనని తీసి చూశాను. మండుతోంది. తలుపు మూసి తాళంచెవి పెట్టబోతే వేళ్ళు ఇనుముకి అంటుకున్నాయి, చేతికి తొడుగు లేదు. తొడుక్కుందామని వెతుక్కుంటుంటే, ఇంట్లో పొయ్యిమీద చిక్కుళ్ళు పెట్టి ఆర్పానా లేదా అని గుర్తొచ్చింది. పరుగెత్తుకొచ్చాను. పొయ్యి ఆర్పే ఉంది.

తాళం చూసుకోవడానికి వెళ్ళకపోయి ఉంటే తాళం ఉండేది.

ఫిబ్రవరి 21

డబ్బాని దుప్పట్లో చుట్టి అద్దాల ఇంటికి తీసుకెళ్ళి మూడు కొమ్మలూ కోశాను. కుట్టుపని కత్తెర తీస్తే వైనో ఒప్పుకోలేదు, తన కత్తి ఇచ్చాడు. “కత్తెర నలుపుతుంది,” అన్నాడు. ఆయన మొదలు కోసి, చీల్చి, పుల్లలు చెక్కి, దూర్చి, టేపు చుట్టి, పైన ప్లాస్టిక్ సంచి కట్టాడు. చేతులు అంత పెద్దవి, పని మాత్రం పసిబిడ్డకి బొడ్డు కట్టినట్టు చేశాడు.

సవేరియో డబ్బాలో ఉత్త పుల్ల ఒకటి మిగిలింది. మళ్ళీ కిటికీలోనే పెట్టాను.

ఫిబ్రవరి 24
పైది 181, కిందిది 97.

“శనివారం వస్తున్నా,” అంది వదిన.

“ఏ శనివారం?”

“ఈ శనివారం, మార్చి ఒకటి. చేతికర్రతో మెట్లెక్కి చూపించాను, పొమ్మన్నారు. ఏం, సంతోషంగా లేదా నీకు?”

“ఎందుకు లేదు.”

“కాయలు కొయ్యకు. పండుగకి నా చేత్తో నేనే కోస్తాను.”

వైనోకి ఫోను చేశాను. పట్టిందో లేదో తెలియాలంటే ఇంకో రెండు వారాలు, కదిలిస్తే చస్తుంది, అన్నాడు.

ఫిబ్రవరి 26

డొనాతా వచ్చింది, అమ్మ మంచం కిందికి దింపడానికి. వరండాలోకి వెళ్ళింది.

“అత్తా, చెట్టేదీ?”

“పేను పట్టింది. మందు కొట్టించడానికి పంపాను.”

“చెట్టుకి పేనా?” పకపకా నవ్వింది. “అమ్మకి తెలుసా?”

“చెప్పకే. కంగారు పడుతుంది.”

“కంగారు పడేది అమ్మా, నువ్వా? తిన్నావా అసలు?”

చెప్పేద్దామనుకున్నాను. తిన్నానని చెప్పాను.

ఫిబ్రవరి 28

మూడు అబద్ధాలు సిద్ధం చేసుకున్నాను. ఒకటి పేను. రెండు గాలి. మూడోది దొంగలు. మూడోదే కాస్త నయంగా ఉంది.

మార్చి 1

వదిన సగం అయిపోయింది. కోటు వేలాడుతోంది. చక్రాల నడకబండి తోసుకుంటూ, కోటైనా విప్పకుండా, డొనాతా వద్దంటున్నా నేరుగా వరండాలోకి వెళ్ళింది. నేల మీద కుండీ ఉన్నచోట గుండ్రటి మరక ఉంది. దాన్ని చూస్తూ నిలబడింది.

“ఎక్కడ?”

మూడు అబద్ధాల్లో ఒక్కటీ నోటికి రాలేదు. చెప్పేశాను. తాళం చెప్పాను. మొగ్గలు చెప్పాను. నిమ్మకాయలు దారంతో కట్టింది కూడా చెప్పాను, అది చెప్పక్కర్లేదు. వైనో అంటు కట్టాడని చెప్పాను.

“ఏ పుల్లతో?” అంది.

“నా దగ్గరున్నదానితో.”

“నీ దగ్గర ఎక్కణ్ణించి వచ్చింది?”

“తొమ్మిదేళ్ళ కిందట నీ చెట్టునుంచి కోశాను. నువ్వు ఇవ్వనన్నాక. నువ్వు పూజలో ఉన్నప్పుడు.”

డొనాతా నోటిమీద చెయ్యి పెట్టుకుంది. వదిన నావైపు తిరగలేదు.

“డొనాతా, నన్ను పడుకోబెట్టు,” అంది.

మార్చి 2

ఏడు. ఏడుంబావు. రిసీవరు ఎత్తి చూశాను, ఫోను పనిచేస్తోంది.

మార్చి 3

మోగలేదు.

మార్చి 4

మోగలేదు. బీపీ చూసుకోలేదు. చూసి ఏం చెయ్యాలి.

మార్చి 5

ఏడుకి రెండు నిమిషాలుండగా మోగింది.

“ఏ రోజు వచ్చావు?” పలకరింపు లేదు.

“ఎక్కడికి వదినా?”

“కొమ్మకి.”

“గురువారం.”

“తలుపుకి తాళం ఉందా?”

“లేదు.”

“మరి ఎలా నిలిచింది? గాలికి నిలవదు కదా ఆ తలుపు.”

“ఇటుక ఆనించి ఉంది.”

“ఆ ఇటుక ఎవరు పెట్టారనుకున్నావే?”

కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

“దేవదూతలు పెట్టారనుకున్నావా? మోకాళ్ళ నొప్పులతో వంగి నేను పెట్టాను. సోమవారం పెట్టి పోస్టాఫీసుకెళ్ళాను, నువ్వు రాలేదు. మంగళవారం ఏ పనీ లేకుండా బజారంతా తిరిగాను, నువ్వు రాలేదు. బుధవారం డొనాతా ఇంట్లో కూర్చుని తాగిన కాఫీయే మళ్ళీ తాగాను. చెట్టు ఎక్కడ చస్తుందోనని రెండో హీటరు కూడా పెట్టాను. గురువారానికి తెల్లారింది నీకు.”

“ఇవ్వనన్నావు కదా వదినా.”

“ఎవరైనా ఇస్తారా? ఇచ్చిన కొమ్మ వేరు పట్టదు. దొంగిలించిందే పడుతుంది. మా ఊళ్ళో చంటిపిల్లకి కూడా తెలుసు. మా నాన్న నాకు ఇచ్చాడనుకున్నావా? ఓడెక్కే ముందురోజు కత్తి గోడమీద మర్చిపోయినట్టు పెట్టి పొలానికి పోయాడు. నేను ఇవ్వనంటే సవేరియో నవ్వాడు, చూడలేదూ?”

“జ్వరం అనుకున్నాను.”

“కొండ ఊరిదానా,” అంది.

“మరి తొమ్మిదేళ్ళు ఎందుకడగలేదు?”

“దొంగిలించినదాని గురించి అడిగితే ఎండిపోతుంది. నువ్వే చెప్తావని చూశాను. నువ్వు నోరు విప్పలేదు. పట్టలేదేమో అనుకున్నాను. వాడు చూడకుండానే పోయాడేమో అనుకున్నాను.” ఆగింది. “వాసన చూశాడా?”

“చూశాడు. తెచ్చిన రోజే రెండాకులు నలిపి చేతిలో పెట్టాను. పిడికిలి మూశాడు. మర్నాడు దుప్పటి మారుస్తున్నా విప్పలేదు.”

“సరే,” అంది. పెట్టేసింది.

మార్చి 6
పైది 149, కిందిది 84.

ఏడింటికి మోగింది.

“తాళం సంగతి మాత్రం నేను మర్చిపోను.”

“సరే వదినా.”

“చచ్చేదాకా అంటాను.”

“అను.”

“ఇవాళ ఏం వండుతున్నావు?”

మార్చి 19
జోజప్పగారి పండుగ.

బల్లమీద ఈసారి అన్నీ కొట్లో నిమ్మకాయలే. ఫిలొమెనా కాయలేవీ అని బెత్తినా అడిగింది. “నున్సియాత తినేసింది,” అంది వదిన, హాలంతా వినబడేలా. ఇరవై మంది నన్ను చూశారు. తలదించుకుని రొట్టె తిన్నాను. పదకొండేళ్ళు మాట్లాడని బెత్తినాకి ఆవిడ జవాబిచ్చిందన్న సంగతి ఇంటికొచ్చాక గాని నాకు తట్టలేదు.

సాయంత్రం వైనో ఫోను. “ఒకటి పట్టింది,” అన్నాడు. పెట్టేశాడు.

మే 27

చెట్టు తిరిగొచ్చింది. చెట్టు అనకూడదు, మొద్దు. దానికి బెత్తెడు పచ్చటి రెమ్మ. వదిన నడకబండిని దాని చుట్టూ ఓ చుట్టు తిప్పి, “నా కంటే నయంగా నిలబడింది,” అంది. వైనోకి రొట్టె ఇచ్చింది, ఫాదర్‌కిచ్చే అంత పెద్దది.

మేడమీద డబ్బాలో పుల్ల ఎండిపోయింది. మే నెలంతా చూశాను, ఇంక రాదు. డబ్బా కడిగి పెట్టాను. వదినకి చెప్పలేదు. డొనాతాకి చెప్పాను.

ఆగస్టు 14
పైది 146, కిందిది 82.

“ఆదివారం డొనాతా నన్ను పూజకి తీసుకెళ్తుంది. నువ్వు రావద్దు, కార్లో చోటు లేదు,” అంది వదిన.

ఆ కార్లో అయిదుగురు పడతారు.

“సరే వదినా.”

“పదకొండు దాకా రాను.”

“సరే.”

“పదకొండు అన్నాను.”

“విన్నాను వదినా.”

రెమ్మ ఇప్పుడు మూరెడు దాటింది. మూడు కొమ్మలు వేసింది.

ఆగస్టు 17
ఆదివారం.

వైనో దగ్గర కత్తి అడిగి తెచ్చుకున్నాను, కత్తెర నలుపుతుంది. బంగాళాదుంప ఒకటి, తడిగుడ్డ. పొయ్యి ఆర్పానో లేదో ఒక్కసారే చూసుకున్నాను.

పదింటికి వెళ్ళాను. తలుపుకి తాళం లేదు. ఇటుక ఆనించి ఉంది.